యూనిక్స్ పీసీలో మెనూలు దాటి నేరుగా షెల్‌లోకి: స్టార్టప్, టెర్మినల్ సెట్టింగుల సంగతి

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఏటీ అండ్ టీ యూనిక్స్ పీసీ సిస్టమ్ 3.51ని, ఆ పాత మెషీన్‌ను అనుకరించే ఫ్రీబీ ఎమ్యులేటర్‌లో నడుపుతున్నారు. లాగిన్ కాగానే మౌస్ మెనూల యూజర్ ఏజెంట్ వచ్చి కూర్చుంటోంది, అది వద్దు. షెల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే చోట, బ్యాక్‌స్పేస్ ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు. @ కొడితే టైపు చేసిన లైనంతా పోతోంది. సీరియల్ లైను మీద నుంచి లాగిన్ అయితే వీఐ ఎడిటర్ పిచ్చిపిచ్చిగా కనిపిస్తోంది. ఏ ఫైలు మారిస్తే ఇవన్నీ శాశ్వతంగా కుదురుకుంటాయి?

ఒక్క ఫైలుతో కుదరదు. ఈ మెషీన్ ఆన్ అయినప్పటి నుంచి షెల్ ప్రాంప్ట్ కనిపించేదాకా నాలుగైదు ప్రోగ్రాములు వరసగా నడుస్తాయి. వాటిలో సగం టెర్మినల్‌ను తమకు తోచినట్టు సెట్ చేసి, పక్కదానికి అప్పగించి తప్పుకుంటాయి. మీరు మార్చాలనుకున్నది ఏ మెట్టు దగ్గర తయారవుతోందో తెలిస్తే మార్పు ఒక్క లైనులో అయిపోతుంది. తెలియకపోతే అదే లైను నాలుగు ఫైళ్లలో రాసినా పనిచేయదు.

ముందే ఒక మాట. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మెషీన్ మీద టైపు చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. టర్మ్, పాత్, పీఎస్1 లాంటి వేరియబుల్ పేర్లు మాత్రం పెద్ద అక్షరాలు.

ఇది 1985లో వచ్చిన మెషీన్. తయారు చేసింది కన్వర్జెంట్ టెక్నాలజీస్, అమ్మింది ఏటీ అండ్ టీ. మొదట 7300 అన్నారు, తర్వాత పెద్ద హార్డ్ డిస్కుతో వచ్చినదాన్ని 3బీ1 అన్నారు. లోపల 10 మెగాహెర్ట్జ్ మోటరోలా 68010, తెర మీద 720 x 348 చుక్కలు. పైకి కనిపించే కిటికీలు, మౌస్ అన్నీ ఆ కంపెనీ సొంత అలంకారం. కింద ఉన్నది మాత్రం సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 2 వంశానికి చెందిన యూనిక్స్. కాబట్టి బర్కిలీ యూనిక్స్ అలవాట్లు, ఇవాళ్టి లైనక్స్ అలవాట్లు ఇక్కడ చాలావరకు చెల్లవు. వేరియబుల్‌ను ఇతర ప్రోగ్రాములకు అందించే ఎక్స్‌పోర్ట్ కమాండు, విలువ ఇవ్వడం రెండూ ఒకే లైనులో పెడితే పాత బోర్న్ షెల్ (ఈ మెషీన్‌లో మామూలుగా వచ్చే షెల్, /బిన్/ఎస్‌హెచ్) 'ఇది ఐడెంటిఫయర్ కాదు' అని విసుక్కుంటుంది. ముందు విలువ, తర్వాతి లైనులో ఎక్స్‌పోర్ట్. ఇంటి డైరెక్టరీకి ~ గుర్తు కూడా లేదు, $హోమ్ అని రాయాల్సిందే.

ఇప్పుడు వరస చూద్దాం. కెర్నల్ లేచాక మొదట నడిచేది ఇనిట్. అది /ఈటీసీ/ఇనిట్‌ట్యాబ్ చదువుతుంది, /ఈటీసీ/ఆర్‌సీ స్క్రిప్టును నడిపిస్తుంది, ఆ తర్వాత ఒక్కో టెర్మినల్ లైనుకు ఒక్కో గెట్టీని లేపుతుంది. మీరు చూసే లాగిన్ ప్రాంప్ట్ గెట్టీదే. మీరు పేరు కొట్టగానే గెట్టీ తన స్థానంలో లాగిన్ ప్రోగ్రామును కూర్చోబెడుతుంది. అది పాస్‌వర్డ్ చూసి, /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీలో మీ లైను చివరి ఫీల్డులో ఉన్న ప్రోగ్రామును మొదలుపెడుతుంది. ఆ ఫీల్డు ఖాళీగా ఉంటే /బిన్/ఎస్‌హెచ్. ఆ షెల్ ముందు /ఈటీసీ/ప్రొఫైల్, తర్వాత మీ ఇంటి డైరెక్టరీలోని .ప్రొఫైల్ చదువుతుంది. యూజర్ ఏజెంట్, అంటే యూఏ అనే ప్రోగ్రాము, ఈ చివరి మెట్ల మధ్యలో ఎక్కడో లేస్తుంది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ 'ఎక్కడో'లోనే ఉంది. యూఏని లేపగలిగిన చోట్లు మూడు, ఒక్కోదానికి లక్షణం వేరు. పాస్‌డబ్ల్యూడీ చివరి ఫీల్డులోనే యూఏ ఉంటే ప్రొఫైల్ ఫైళ్లు రెండూ అసలు చదవబడవు, మీరు వాటిలో ఏం రాసినా వృథా. /ఈటీసీ/ప్రొఫైల్‌లో ఎగ్జెక్‌తో (అంటే షెల్ తన స్థానంలో ఆ ప్రోగ్రామునే కూర్చోబెడుతూ) లేస్తుంటే మీ .ప్రొఫైల్ వంతు రానే రాదు. మీ .ప్రొఫైల్ చివర లేస్తుంటే అన్నిటికన్నా సులువు, ఆ లైను ముందు # పెడితే చాలు. ఊహించడం ఎందుకు, రెండు ప్రొఫైల్ ఫైళ్ల మొదట్లోనూ ఒక్కో ఎకో లైను పెట్టి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. ఏ మాట తెర మీదకు వచ్చిందో, ఏది రాలేదో చూస్తే విషయం తేలిపోతుంది.

దొరికాక దాన్ని పూర్తిగా పీకేయమని మాత్రం చెప్పను. యూఏ ఒట్టి మెనూ కాదు. యూజర్లను చేర్చడం, ఫ్లాపీ ఫార్మాట్ చేయడం, ప్రింటర్ సెట్ చేయడం వంటి పనులకు ఈ మెషీన్‌లో సిద్ధంగా ఉన్న దారి అదే. ఇన్‌స్టాల్ అనే లాగిన్‌ను వచ్చినది వచ్చినట్టే వదిలేయండి. మార్పులు మీ సొంత లాగిన్‌కే చేసుకోండి. .ప్రొఫైల్ చివర ఒక చిన్న ప్రశ్న పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి: మెనూలు కావాలా అని అడిగి, రీడ్‌తో జవాబు తీసుకుని, వై అంటే యూఏని లేపడం, వేరే ఏం కొట్టినా షెల్‌లోనే ఉండిపోవడం. యూఏని ఎగ్జెక్ లేకుండా మామూలుగా పిలవండి. అప్పుడు దాన్నుంచి బయటికొస్తే లాగిన్ పోదు, షెల్ ప్రాంప్ట్ వస్తుంది. కిటికీలు పోతాయేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. కిటికీలను గీసేది కెర్నల్‌లోని డ్రైవర్. యూఏ దానికి ఒక వినియోగదారు మాత్రమే.

/ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీని ముట్టుకోవాల్సి వస్తే జాగ్రత్త. ఇక్కడ లాగిన్ షెల్‌ను మార్చే సీహెచ్‌ఎస్‌హెచ్ లాంటి కమాండు లేదు, ఫైలును తాళం వేసి తెరిచే ప్రత్యేక ఎడిటర్ కూడా లేదు. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయిన ఇంకో కిటికీ తెరిచి ఉంచుకుని, కాపీ తీసి, అప్పుడు దిద్దండి. దిద్దాక ఆ రెండో కిటికీని మూయకుండానే కొత్తగా లాగిన్ అయి చూడండి. కాపీ పేరు పొడుగ్గా పెట్టొద్దు. ఈ ఫైల్ సిస్టమ్‌లో పేరుకు 14 అక్షరాలే హద్దు, మిగతావి కిక్కురుమనకుండా కత్తిరించబడతాయి. చివర తేడాతో రెండు పొడుగు పేర్లు పెట్టారనుకోండి, రెండూ ఒకే ఫైలు అయి కూర్చుంటాయి.

ఇక బ్యాక్‌స్పేస్ గొడవ. మీరు అడిగినవాటిలో ఇదే రసవత్తరమైనది, ఎందుకంటే 'ఒక్కోసారి పనిచేస్తుంది' అన్న మీ మాట అక్షరాలా నిజం.

సిస్టమ్ ఫైవ్‌లో అక్షరం చెరిపే గుర్తు పుట్టుకతో #, లైను మొత్తం చెరిపే గుర్తు @, ప్రోగ్రామును ఆపే గుర్తు డిలీట్. కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపుల కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది. కాగితం మీద పడిన అక్షరాన్ని వెనక్కి తీసుకోలేం, అందుకని 'ఇందాకటిది లెక్కలోకి తీసుకోకు' అని చెప్పడానికి మామూలు రాతలో పెద్దగా వాడని గుర్తులు రెండు ఎంచుకున్నారు. ఈమెయిలు చిరునామాల్లో @ రోజూ వాడకంలోకి వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు? అప్పట్లో యూనిక్స్ మెషీన్ల మధ్య మెయిల్ మోసిన యూయూసీపీ చిరునామాలు ! గుర్తుతో నడిచేవి కాబట్టి చాలాకాలం ఎవరికీ ఇబ్బంది కాలేదు కూడా.

ఇప్పుడు అసలు మెలిక. సిస్టమ్ ఫైవ్ గెట్టీ మీ పేరు చదివేటప్పుడు #, @ లతో పాటు బ్యాక్‌స్పేస్‌ను, కంట్రోల్-యూని కూడా అర్థం చేసుకుంటుంది. పేరు కొట్టడంలో మీరు తడబడి బ్యాక్‌స్పేస్ వాడారంటే, 'ఈ మనిషికి ఇది అలవాటు కాబోలు' అనుకుని ఆ లైనుకు చెరిపే గుర్తుగా దాన్నే స్థిరం చేస్తుంది. పేరు తప్పుల్లేకుండా కొడితే # అలాగే మిగులుతుంది. అంటే లాగిన్ దగ్గర తప్పు టైపు చేసిన రోజున షెల్‌లో బ్యాక్‌స్పేస్ పనిచేస్తుంది, సరిగ్గా టైపు చేసిన రోజున పనిచేయదు! మీకు కనిపిస్తున్న చపలత్వానికి కారణం ఇదే అయి ఉండే అవకాశం బాగా ఉంది. బుద్ధిగా టైపు చేసినవాడికే శిక్ష.

గెట్టీకి ఇంకో అతితెలివి కూడా ఉంది. క్యాప్స్ లాక్ పడి ఉండగా పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో కొడితే, మీ టెర్మినల్‌కు చిన్న అక్షరాలే లేవని నిర్ణయించుకుంటుంది. అప్పటి నుంచి తెర మీద వచ్చేవన్నీ పెద్ద అక్షరాలే. క్యాప్స్ లాక్ తీసినా మారదు. కంగారు పడకుండా లాగౌట్ అయి మళ్లీ రండి, లేదా టెర్మినల్ సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండుతో ఎస్‌టీటీవై -ఎల్‌కేస్ అనండి.

దీనికి మందు .ప్రొఫైల్‌లో ఒక్క లైను:

ఎస్‌టీటీవై ఎరేజ్ '^హెచ్' కిల్ '^యూ' ఇంటర్ '^సీ' ఎకోఈ

ఎరేజ్ అంటే అక్షరం చెరిపే గుర్తు, కిల్ అంటే లైను చెరిపే గుర్తు, ఇంటర్ (intr) అంటే ప్రోగ్రామును ఆపే గుర్తు. ఇక్కడ ^ గుర్తు, దాని పక్కన అక్షరం, రెండూ విడివిడిగా టైపు చేయాలి. వాటిని కంట్రోల్ అక్షరంగా అర్థం చేసుకోవడం ఎస్‌టీటీవై పని. చుట్టూ ఉన్న సింగిల్ కోట్లు మాత్రం అలంకారం కాదు. పాత బోర్న్ షెల్‌లో ^ అంటే పైప్. | గుర్తుకు అది ముందు తరం రూపం. కోట్లు లేకపోతే షెల్ దాన్ని 'ఎస్‌టీటీవై ఎరేజ్ ఫలితాన్ని హెచ్ అనే ప్రోగ్రాముకు పంపు' అని చదివి, అలాంటి ప్రోగ్రాము లేదంటుంది. కొత్త షెల్స్‌కు అలవాటుపడ్డవాళ్లు తలపట్టుకునేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే లైను చూడటానికి ఏ తప్పూ కనిపించదు.

చివర ఉన్న ఎకోఈ వల్ల చెరిపిన అక్షరం తెర మీద నుంచి కూడా పోతుంది. అది లేకపోతే షెల్ దృష్టిలో అక్షరం పోయినా కంటికి అక్కడే ఉంటుంది. ఇంటర్‌ను కంట్రోల్-సీకి మార్చమన్నది ఒట్టి అలవాటు కోసం కాదు. సీరియల్ లైను అవతల కూర్చున్న ఇవాళ్టి టెర్మినల్ ప్రోగ్రాములు చాలావరకు బ్యాక్‌స్పేస్ మీటకు డిలీట్ అక్షరాన్ని పంపుతాయి. సిస్టమ్ ఫైవ్‌కు డిలీట్ అంటే 'ఆపు'. ఒక అక్షరం చెరపబోతే నడుస్తున్న ప్రోగ్రామే చచ్చిపోతుంది. అలాంటి లైను మీద ఎరేజ్‌కు '^?' ఇవ్వండి. అయితే ఇంటర్‌ను ముందు వేరే మీటకు మార్చాకే.

ఈ లైను వల్ల ప్రభావం పడనిది ఒకటి ఉంది, పాస్‌వర్డ్ ప్రాంప్ట్. అక్కడ మీ .ప్రొఫైల్ ఇంకా నడవలేదు. లాగిన్ ప్రోగ్రాము పాస్‌వర్డ్ చదివేటప్పుడు తెర మీద చూపించడం మాత్రమే ఆపుతుంది, చెరిపే గుర్తులు మామూలుగానే పనిచేస్తాయి. మీ షెల్‌లో ఎరేజ్ మార్చుకున్నాక # గానీ @ గానీ ఉన్న పాస్‌వర్డ్ పెట్టారనుకోండి, పెట్టేటప్పుడు అది నిక్షేపంగా తీసుకుంటుంది. తర్వాత లాగిన్ దగ్గర ఆ # ముందు అక్షరాన్ని మింగేస్తుంది, పాస్‌వర్డ్ తప్పంటుంది. ఈ మెషీన్‌లో పాస్‌వర్డ్‌కు అక్షరాలు, అంకెలతో సరిపెట్టుకోవడం మంచిది.

గెట్టీ దగ్గరే సరిచేయాలన్న పట్టుదల ఉంటే చోటు /ఈటీసీ/గెట్టీడెఫ్స్. ఒక్కో ఎంట్రీలో # గుర్తులతో విడదీసిన భాగాలుంటాయి: పేరు, మొదటి సెట్టింగులు, లాగిన్‌కు అప్పగించే ముందు సెట్టింగులు, ప్రాంప్ట్‌గా చూపించే మాట, బ్రేక్ నొక్కితే వెళ్లాల్సిన తర్వాతి ఎంట్రీ పేరు. ఎంట్రీకీ ఎంట్రీకీ మధ్య ఖాళీ లైను ఉండాలి. లాగిన్ ప్రాంప్ట్‌లో మీ మెషీన్ పేరు రావాలంటే మార్చేది ఇక్కడే. మార్చిన ఫైలును వాడే ముందు గెట్టీ -సీ అని, పక్కన ఫైలు పేరు ఇచ్చి నడిపితే తప్పులుంటే చూపిస్తుంది. చాలామందికి ఈ సదుపాయం ఉందనే తెలియదు. ఎరేజ్, కిల్ గుర్తుల కోసం మాత్రం ఇంత దూరం పోవాల్సిన పనిలేదు, .ప్రొఫైల్ చాలు.

సీరియల్ లైను మీద వీఐ సంగతి. కారణం దాదాపు ఎప్పుడూ టర్మ్ వేరియబులే, అంటే ఎదురుగా ఉన్న టెర్మినల్ ఏ రకమో ప్రోగ్రాములకు చెప్పేది. ఈ మెషీన్ సొంత తెరకు టెర్మినల్ పేరు ఎస్4. దీని అభివృద్ధి కాలపు ముద్దుపేరు సఫారీ 4, అందులోంచే ఆ రెండక్షరాలు. .ప్రొఫైల్‌లో టర్మ్‌కు ఎస్4 అని గుడ్డిగా రాసి ఉంటే, సీరియల్ లైను అవతలి వీటీ100 రకం టెర్మినల్‌కు కూడా ఎస్4 భాషలోనే తెర గీయాలని చూస్తుంది. రెండూ ఒకే ఆన్సీ ప్రమాణం నుంచి వచ్చినవే కాబట్టి సగం సరిగ్గా, సగం చెత్తగా కనిపిస్తుంది. పూర్తిగా చెత్తయితే వెంటనే అనుమానం వచ్చేది, సగం సరిగ్గా ఉండబట్టే మనిషి వీఐని తిడుతూ కూర్చుంటాడు. ఏ లైను మీద నుంచి వచ్చారో చూసి టర్మ్ పెట్టాలి:

కేస్ `టీటీవై` ఇన్
/డెవ్/డబ్ల్యూ*) టర్మ్=ఎస్4 ;;
/డెవ్/టీటీవై*) టర్మ్=వీటీ100 ;;
*) టర్మ్=డంబ్ ;;
ఈఎస్ఏసీ
ఎక్స్‌పోర్ట్ టర్మ్

కిటికీలన్నీ /డెవ్ కింద డబ్ల్యూ1, డబ్ల్యూ2 అన్న పేర్లతో ఉంటాయి. సీరియల్ పోర్టు టీటీవై000. ఫోన్ లైన్లు పీహెచ్0, పీహెచ్1. ఫోన్ ద్వారా వచ్చేవాళ్లకు నేను డంబ్ (ప్రత్యేక సామర్థ్యాలేమీ లేని టెర్మినల్) అనే ఇస్తాను, అవతల ఏముందో మనకు తెలియదు కాబట్టి. చివరి ఎక్స్‌పోర్ట్ లైను మర్చిపోతే షెల్‌లో ఎకో చేసి చూసినప్పుడు టర్మ్ సరిగ్గానే కనిపిస్తుంది, వీఐకి మాత్రం చేరదు. అది తెర వదిలేసి ఓపెన్ మోడ్‌లో ఒక్కో లైనే చూపిస్తుంది.

ఎస్‌టీటీవై లైనును కూడా ఈ కేస్ లోపలే పెట్టుకోవచ్చు: కిటికీకి '^హెచ్', సీరియల్‌కు '^?'.

కిటికీని మౌస్‌తో చిన్నది చేసినప్పుడు వచ్చే ఇబ్బంది ఇంకోటి. టెర్మినళ్ల లక్షణాలు దాచి ఉంచే టెర్మ్‌ఇన్ఫోలో రాసి ఉన్న లైన్ల సంఖ్య స్థిరం. కిటికీ చిన్నదైందని అది తనంతట తాను తెలుసుకోదు. నేను ఎప్పుడూ వాడే చిన్న కిటికీ కొలత ఒకటుంది కాబట్టి దానికి సొంత ఎంట్రీ రాసుకున్నాను. కొత్త పేరు పెట్టి, లైన్ల సంఖ్యగా #20 ఇచ్చి, మిగతాది యూజ్=ఎస్4 అంటే సరిపోతుంది. టెర్మ్‌ఇన్ఫో అనే వేరియబుల్‌ను ఇంటి డైరెక్టరీలోని ఒక ఫోల్డరుకు చూపించి, ఎక్స్‌పోర్ట్ చేసి, టిక్ అనే కమాండుతో కంపైల్ చేయండి. సిస్టమ్ డైరెక్టరీని ముట్టుకోకుండానే పని జరుగుతుంది. ఒక్క షరతు, ఆ వేరియబుల్ .ప్రొఫైల్‌లో కూడా ఉండాలి. ఇది టెర్మ్‌ఇన్ఫో చదివే ప్రోగ్రాములకే. ఇంకా పాత టెర్మ్‌క్యాప్ మీద నడిచేవాటికి /ఈటీసీ/టెర్మ్‌క్యాప్‌లో విడిగా రాయాలి.

ప్రాంప్ట్‌లో ప్రస్తుత డైరెక్టరీ కనిపించాలని మీరు అడగలేదు కానీ తర్వాత అడగబోయేది అదే. బోర్న్ షెల్ పీఎస్1ని (ప్రాంప్ట్‌గా చూపించే మాట ఉండే వేరియబుల్) ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టదు, ఒకసారి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. సీడీ పేరుతో ఫంక్షన్ రాసి లోపల పీఎస్1 మార్చుదామనుకుంటారు. కుదరదు. ఈ తరం షెల్ ముందు తన సొంత కమాండ్ల జాబితా చూసుకుంటుంది, అందులో లేకపోతేనే ఫంక్షన్ల వైపు వెళ్తుంది. మీ సీడీ ఫంక్షన్‌ను అది ఎప్పటికీ పిలవదు. వేరే పేరుతో, ఒక్క అక్షరం 'జీ' అనుకోండి, ఫంక్షన్ రాసుకోండి: లోపల సీడీ "$1", విజయవంతమైతే పీఎస్1="`పీడబ్ల్యూడీ`> ". పీడబ్ల్యూడీ కోసం ప్రతిసారీ కొత్త ప్రాసెస్ పుడుతుంది, ఈ ప్రాసెసర్ మీద ఆ ఆలస్యం కంటికి తెలుస్తుంది. మీ డిస్కు మీద కార్న్ షెల్ ఉంటే ఈ తంటా లేదు. పీఎస్1లో '$పీడబ్ల్యూడీ> ' అని సింగిల్ కోట్లలో పెడితే తనే చూసుకుంటుంది, పాత కమాండ్లను వెనక్కి తెచ్చి దిద్దుకునే సౌకర్యం అదనం. దాన్ని కూడా పాస్‌డబ్ల్యూడీలో కాకుండా .ప్రొఫైల్ చివర ఎగ్జెక్‌తో లేపండి, ఆ ఫైలు ఉందో లేదో టెస్ట్‌తో చూశాకే. రూట్ షెల్ మాత్రం /బిన్/ఎస్‌హెచ్ గానే ఉండనివ్వండి.

ఆలస్యం మాట వచ్చింది కాబట్టి, ఇవాళ్టి అలవాటుతో .ప్రొఫైల్‌ను పెంచుకుంటూ పోకండి. గ్రెప్, ఎక్స్‌పీఆర్, సెడ్ పిలిచిన ప్రతిసారీ డిస్కు గుర్రుమంటుంది. కేస్ షెల్ లోపలిదే, దానితో తేలిపోయే పనికి బయటి ప్రోగ్రామును పిలవడం దండగ. ఎమ్యులేటర్ వేగంగా ఉందని ఇది పట్టించుకోకుండా రాస్తే, అసలు మెషీన్ మీద లాగిన్ అయిన రోజున తెలుస్తుంది.

పాత్, అంటే ప్రోగ్రాముల కోసం షెల్ వెతికే డైరెక్టరీల జాబితా, దాని గురించి రెండు ముక్కలు. మామూలుగా ఇది : గుర్తుతో మొదలవుతుంది. ఆ ఖాళీ భాగానికి అర్థం 'ప్రస్తుత డైరెక్టరీ'. అంటే మీరు ఎక్కడుంటే అక్కడి ప్రోగ్రాములే ముందు నడుస్తాయి. మీ లాగిన్‌లో సౌకర్యం అనుకుంటే ఆ : ను చివరికి జరపండి. రూట్‌కు పూర్తిగా తీసేయండి. రూట్ ఇల్లు / కాబట్టి దాని ఫైలు /.ప్రొఫైల్. రూట్‌గా మారడానికి ఎస్‌యూ అని ఊరికే అంటే ఆ ఫైలు చదవబడదు, ఎస్‌యూ - అంటేనే చదవబడుతుంది.

సీరియల్ లైను మీద లాగిన్ ప్రాంప్టే రాకపోతే ఇనిట్‌ట్యాబ్ చూడండి. ఒక్కో లైనులో నాలుగు భాగాలు, మధ్య : గుర్తులు: గుర్తింపు, రన్ స్థాయి, చర్య, ప్రోగ్రాము. టీటీవై000కు సంబంధించిన లైనులో చర్య 'ఆఫ్' అని ఉంటే 'రీస్పాన్' చేసి, ఇనిట్ క్యూ అనండి. మెషీన్‌ను మళ్లీ బూట్ చేయక్కర్లేదు. ప్రోగ్రాము పేరులో తప్పుంటే అది లేవడం, చావడం, మళ్లీ లేవడం జరుగుతూ, మరీ వేగంగా పుడుతోందని ఇనిట్ కన్సోల్ మీద ఫిర్యాదు చేస్తుంది. కిటికీల గెట్టీ లైనును మాత్రం ముట్టుకోకండి. అది పోతే మెషీన్ ముందు కూర్చుని లాగిన్ అయ్యే దారే ఉండదు.

/ఈటీసీ/ఆర్‌సీలో పెట్టాల్సినవి మనిషితో సంబంధం లేనివి మాత్రమే. డిస్కు తనిఖీ, మౌంట్లు, ఎల్‌డీడీఆర్‌వీ డైరెక్టరీ నుంచి డ్రైవర్లు ఎక్కించడం వంటివి. ఎస్‌టీటీవై, టర్మ్ అక్కడ రాసి ప్రయోజనం లేదు. అప్పటికి మీ టెర్మినలే లేదు, తర్వాత గెట్టీ వచ్చి ఎలాగూ మార్చేస్తుంది. మీకంటూ ఏవైనా చేర్చాలంటే విడిగా ఒక స్క్రిప్టు రాసి, ఆర్‌సీ చివర దాన్ని పిలిచే ఒక్క లైను పెట్టండి. అందులో పాత్, కాలమండలం చెప్పే టీజెడ్ మీరే సెట్ చేసుకోవాలి, ఎందుకంటే ప్రొఫైల్ ఫైళ్లు అప్పటికి ఎవరూ చదవలేదు. ఇన్‌పుట్ కోసం ఆగే ప్రోగ్రామును అక్కడ పెట్టారంటే బూట్ అక్కడే నిలిచిపోతుంది.

అలా నిలిచిపోతే ఏం చేయాలి? ఎమ్యులేటర్‌లో అయితే డిస్కు ఇమేజీ కాపీని వెనక్కి పెట్టుకోవడమే. అందుకే ఇనిట్‌ట్యాబ్, ఆర్‌సీ, పాస్‌డబ్ల్యూడీ ముట్టుకునే ముందు మెషీన్‌ను షట్‌డౌన్ చేసి ఇమేజీ కాపీ తీయండి. నడుస్తుండగా తీసిన కాపీలో సగం మార్పులు ఇంకా మెమరీలోనే ఉండిపోతాయి. అసలు మెషీన్ అయితే బూట్ ఫ్లాపీ, ఆ తర్వాత ఫైల్ సిస్టమ్ ఫ్లాపీ పెట్టి లేపి, హార్డ్ డిస్కు రూట్ భాగమైన /డెవ్/ఎఫ్‌పీ002ను /ఎంఎన్‌టీ మీద మౌంట్ చేసి, అక్కడి ఈటీసీలోని ఫైలును దిద్దాలి. ఫ్లాపీ మీద వీఐ ఉంటుందని నమ్ముకోకండి. ఈడీ అనే లైను ఎడిటర్‌తో ఒక లైను వెతికి మార్చడం, రాసి బయటపడడం ముందే సాధన చేసి ఉంచుకోండి. దిద్దాక సింక్, అన్‌మౌంట్, ఆ తర్వాతే రీబూట్.

టెర్మినల్ ఒక్కటే పాడైతే, అంటే ఏదో ప్రోగ్రాము మధ్యలో చచ్చి, మీరు కొట్టేవి కనిపించక, ఎంటర్ కూడా పనిచేయకపోతే, ఫ్లాపీలదాకా పోవద్దు. కంట్రోల్-జే నొక్కి, ఎస్‌టీటీవై సేన్ అని గుడ్డిగా టైపు చేసి, మళ్లీ కంట్రోల్-జే నొక్కండి. ఎంటర్ మీటను లైను ముగింపుగా మార్చే సెట్టింగు పోయినా కంట్రోల్-జే ఎప్పుడూ ముగింపే. సేన్ చెరిపే గుర్తులను మళ్లీ #, @ చేస్తుంది కాబట్టి, తర్వాత ఎస్‌టీటీవై లైనును ఇంకోసారి నడపాలి. ఆ లైనును .ప్రొఫైల్‌లో నేరుగా రాసేకంటే $హోమ్/బిన్ కింద చిన్న స్క్రిప్టుగా పెట్టి, .ప్రొఫైల్ నుంచి దాన్నే పిలిస్తే రెండుచోట్లా పనికొస్తుంది. ఎస్‌టీటీవై స్క్రిప్టులోంచి నడిచినా మారేది టెర్మినల్ లైనే కాబట్టి ఇది పనిచేస్తుంది. టర్మ్ లాంటి వేరియబుళ్లను మాత్రం అలా స్క్రిప్టులో పెడితే ఆ స్క్రిప్టుతోనే పోతాయి, వాటిని .ప్రొఫైల్‌లోనే ఉంచండి.